ముందు ప్రశ్న, తర్వాతే సాఫ్ట్‌వేర్

మాటలను విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి అని ఈ మధ్య మా మిత్రుల మధ్య పెద్ద చర్చే నడిచింది. ఒకరు పేరున్నది కొందామన్నారు. ఇంకొకరు ఊరికే వచ్చేది చాలన్నారు. మూడో మిత్రుడు, అసలు సాఫ్ట్‌వేర్ ఎందుకు, మొత్తం తీసుకెళ్ళి ఏఐకి ఇస్తే సాయంత్రానికల్లా నివేదిక వస్తుంది కదా అన్నాడు. చర్చ చివరికి ధర దగ్గర ఆగిపోయింది. హేతువాదులమని చెప్పుకునేవాళ్ళం ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం. మనతో ఏకీభవించని మనిషి మన పనిని తెరిచి, మనం ఎక్కడ తప్పు చదివామో పట్టుకోగలడా? ఆ వీలు ఉన్న పనిముట్టు మంచిది. ఆ వీలు లేనిది ఎంత ఖరీదైనా మనకు పనికిరాదు.

విషయం తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. నేనుండేది జంషెడ్‌పూర్ శివారు గోవింద్‌పూర్‌లో. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళలో "టాటా వెళ్ళాడు" అంటే ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చాడని అర్థం. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టిన తర్వాత తరతరాలుగా తెలుగువాళ్ళు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. గోవింద్‌పూర్‌కు ఒక పక్క టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్ కర్మాగారం. పట్టణం దాటి వెళ్తే సంతాల్, హో, భూమిజ్ పల్లెలు. లారీలు తయారయ్యే చోటికి కూతవేటు దూరంలో ఇంకా ఆడవాళ్ళను "డాయన్" అని ముద్ర వేస్తున్నారు. డాయన్ అంటే మంత్రగత్తె. ఫలానా ఆమె డాయన్ అని పేరు పెట్టేవాణ్ని ఇక్కడ ఓఝా అంటారు. మన భూతవైద్యుడి లాంటివాడు.

కొద్దిమంది మిత్రులం కలిసి ఈ విషయం మీద జనం చెప్పే మాటలను రాసిపెట్టుకుంటున్నాం. ఉపన్యాసం ఇవ్వకుండా, అడ్డు చెప్పకుండా, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు. హిందీలో కొంత, బెంగాలీలో కొంత, సంతాలీలో కొంత, తెలుగు బస్తీల్లో తెలుగులో కొంత. ఇలాంటి దాన్ని పరిశోధకులు గుణాత్మక సమాచారం అంటారు. అంకెల్లో ఉండదు, మాటల్లో ఉంటుంది. దీన్ని ఎలా చదవాలి, చదివి ఏం తేల్చాలి అన్నదే సమస్య.

ఒక నమూనా చూడండి. ఇది ఏ ఒక్కరి మాటా కాదు, ధోరణి తెలియడానికి నేను కూర్చింది.

"చిన్నోడికి మూడు రోజులు జ్వరం తగ్గలేదు. ఆసుపత్రికి పోదామంటే బండి లేదు. ఓఝా దగ్గరికి పోయాం. బియ్యం గింజలు చూసి, తూరుపు వైపు ఇంట్లో ఉంది అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నది మా వదిన ఒక్కతే. మొగుడు పోయాక పొలం ఆమే చేసుకుంటోంది. గట్టు దగ్గర తగువు ఎప్పట్నుంచో ఉంది. ఆ రాత్రి అందరం వెళ్ళాం."

ఈ ఎనిమిది వాక్యాలకు ఏ పేరు పెడతారు? మూఢనమ్మకం అంటారా? వైద్యం అందకపోవడం అంటారా? భూమి తగాదా అంటారా? ఒంటరి ఆడదాని మీద దౌర్జన్యం అంటారా? అన్నీ ఉన్నాయి. ఇక్కడ పేరు పెట్టడం మాటల సరదా కాదు. మనం ఏ పేరు పెడితే దానికి తగ్గ మందే రాస్తాం. మూఢనమ్మకమే కారణమైతే ఊరూరా అద్భుతాల గుట్టు విప్పే ప్రదర్శనలు పెట్టాలి. ఆసుపత్రి దూరమే కారణమైతే అంబులెన్సు కోసం పోరాడాలి. పొలమే కారణమైతే అంచలాధికారి కార్యాలయం చుట్టూ తిరిగి ఆ వదిన పేరు భూమి రికార్డులోకి ఎక్కించాలి. పేరు తప్పు పెడితే మందూ తప్పే అవుతుంది.

ప్రభుత్వ లెక్కలు ఈ పని ఎలా చేస్తున్నాయో చూద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వెలువరించే నివేదికలో హత్యలకు కారణాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆస్తి తగాదా ఒక గడి, వ్యక్తిగత కక్ష ఒక గడి, మంత్రగత్తె నెపం ఇంకో గడి. ఒక్కో హత్య ఒక్క గడిలోకే వెళ్తుంది. పై నమూనాలో వదిన చనిపోతే ఆమె ఏ గడిలోకి వెళ్తుంది? అది కేసు రాసిన అధికారి చేతిలో ఉంటుంది. భూమి అని రాస్తే మంత్రగత్తె నెపం అంకె తగ్గుతుంది. మంత్రగత్తె అని రాస్తే భూమి కనబడకుండా పోతుంది. ఆ పట్టికను నేను కొట్టిపారేయడం లేదు. దేశం మొత్తానికి లెక్క కావాలంటే గడులు తప్పవు. అయితే గడిలోకి తోయకముందు మనిషి ఏం చెప్పిందో తెలుసుకోవాలంటే మాటల దగ్గరికే పోవాలి. ఒకే వాక్యానికి రెండు మూడు పేర్లు పెట్టే వెసులుబాటు కావాలి.

సరిగ్గా ఈ వెసులుబాటు కోసమే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. కంప్యూటర్లు రాకముందు పరిశోధకులు ఇంటర్వ్యూ కాగితాలను నకళ్ళు తీసి, కత్తెరతో ముక్కలు చేసి, ఒక్కో అంశానికి ఒక్కో కవరులో వేసుకునేవారు. 1967లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు, ముందే సిద్ధాంతం పెట్టుకుని దానికి సాక్ష్యాలు ఏరుకోవద్దు, సమాచారం లోంచే సిద్ధాంతాన్ని పైకి రానివ్వండి అని పుస్తకం రాశారు. 1981లో ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో లిన్ రిచర్డ్స్, టామ్ రిచర్డ్స్ దంపతులు కత్తెర పని తప్పించడానికి నుడిస్ట్ అనే ప్రోగ్రాం రాశారు. దాని వారసురాలే నేటి ఎన్‌వివో. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో థామస్ మూర్ పని నుంచి అట్లాస్.టీఐ వచ్చింది. 1989లో ఉడో కుకార్జ్ మొదలుపెట్టిన మ్యాక్స్ ఇప్పుడు మ్యాక్స్‌క్యూడీఏ అయింది. పరిశోధకులు తమ అవసరం కోసం చేసుకున్న పనిముట్లు ఇవి.

ఇవన్నీ మౌలికంగా చేసే పని ఒకటే. మీరు ఒక వాక్యాన్ని ఎంచుకుని దానికి "భూమి" అని కోడ్ తగిలిస్తే గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత "భూమి" అని అడిగితే ఆ కోడ్ ఉన్న వాక్యాలన్నీ ఒక చోట చూపిస్తాయి. భూమి, ఓఝా రెండూ కలిసి వచ్చిన చోట్లు చూపిస్తాయి. లెక్కపెడతాయి, బొమ్మలు గీస్తాయి. కోడ్ తగిలించింది మాత్రం మీరే. ఎన్‌వివోతో విశ్లేషించాం అని నివేదికలో రాయడం, ఫలానా కంపెనీ పెన్నుతో రాశాం అని చెప్పడం లాంటిదే. పెన్ను మంచిదే కావచ్చు, రాసిందాని నిజానిజాలకు అది హామీ కాదు.

హేతువాదులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. డాయన్ హత్యలకు కారణం ఏమిటని మనలో ఎవర్ని అడిగినా మూఢనమ్మకం అని తడుముకోకుండా చెబుతాం. అది మనకు నచ్చిన జవాబు. నచ్చిన జవాబు పట్ల అందరికంటే ఎక్కువ అనుమానం ఉండవలసింది మనకే. గోవింద్ కేల్కర్, దేవ్ నాథన్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనలు, సంతాల్ వంటి సమాజాల్లో ఆడవాళ్ళకు, ముఖ్యంగా విధవలకు, భూమి మీద ఉన్న హక్కుకూ ఈ ముద్రకూ సంబంధం ఉందని చూపించాయి. ఇక్కడికి దగ్గర్లోని సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లా బీర్‌బాఁస్‌కు చెందిన ఛుట్నీ మహతోను 1995లో ఇరుగుపొరుగే డాయన్ అని హింసించారు. ఆమె ఊరు విడిచిపోయి, తర్వాత తనలాంటి బాధితులకు అండగా నిలబడి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి జీవితాన్ని "మూఢనమ్మకం" అనే ఒక్క మాటతో ముగించగలమా?

మూఢనమ్మకం లేదని నేననడం లేదు. ఓఝా మాట నమ్మేవాళ్ళు లేకపోతే భూమి కాజేయాలనుకున్నవాడికి ఆ దారి దొరకదు. నమ్మకం ఎంత, స్వార్థం ఎంత, గతిలేనితనం ఎంత అన్నది మాటలు చదివి తేల్చవలసిన విషయం. ముందే తేల్చేసుకుని ప్రతి వాక్యానికీ మూఢనమ్మకం అని కోడ్ తగిలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా నూటికి నూరు శాతం మూఢనమ్మకం అని రంగుల బొమ్మ వేసిస్తుంది. అది మన ముఖం మనం అద్దంలో చూసుకోవడమే.

దీనికి మందు మన ఉద్యమంలోనే ఉంది. 1963లో అబ్రహాం కోవూర్ లక్ష రూపాయల సవాలు విసిరారు. మూసిన కవరులోని కరెన్సీ నోటు నంబరు చదవగలరా అన్నది అందులో ఒకటి. ఆ కవరు ఎందుకు? ముందే తెలిసే అవకాశం లేకుండా చేయడానికి. మన పనికీ అలాంటి కవరు పెట్టుకోవాలి. ఒకే మాటలను ఇద్దరు విడివిడిగా చదవాలి. ఒకరు పెట్టిన కోడ్‌లు ఇంకొకరికి కనబడకూడదు. తర్వాత పోల్చాలి. ఆ రెండో మనిషి మన సంఘం వాడు కాకపోతే ఇంకా మంచిది.

పోల్చడంలోనూ ఒక మెలిక ఉంది. ఉదాహరణకి వంద వాక్యాలు తీసుకున్నాం అనుకోండి. ఇద్దరూ చెరి 90 వాక్యాలకు మూఢనమ్మకం అని పెట్టారు. 85 చోట్ల ఇద్దరూ పెట్టారు, 5 చోట్ల ఇద్దరూ పెట్టలేదు, మిగిలిన 10 చోట్ల తేడా వచ్చింది. వందకు తొంభై చోట్ల ఏకాభిప్రాయం కుదిరింది కదా, భేష్ అనుకుంటాం. ఆగండి. ఇద్దరూ కళ్ళు మూసుకుని, నూటికి తొంభై సార్లు అదే కోడ్ తగిలిస్తూ పోయినా యాదృచ్ఛికంగానే 82 చోట్ల కలుస్తారు. 0.9ని 0.9తో గుణిస్తే 0.81, 0.1ని 0.1తో గుణిస్తే 0.01, రెండూ కలిపితే 0.82. అంటే మన తొంభైలో నిజమైన ఏకాభిప్రాయం ఆ 82 దాటిన 8 మాత్రమే. దాటడానికి వీలున్నది 18. 8ని 18తో భాగిస్తే 0.44. ఈ కొలతను 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించాడు, కప్పా అంటారు. 90 అని గర్వపడిన చోట 0.44 అని తెలిసొస్తుంది. జ్యోతిష్కుడు చెప్పిన పదింటిలో తొమ్మిది జరిగాయి అన్నవాడిని, ఊరికే చెప్పినా ఎన్ని జరిగేవి అని మనం అడుగుతాం. అదే ప్రశ్నను మన పనికి వేసుకోవడమే ఇది.

కాబట్టి మొదటి పరీక్ష ఇది: ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి పోల్చుకునే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉందా?

రెండో పరీక్ష: మన అక్షరాలు దానికి చదవడం వచ్చా? ప్రకటనల్లో అన్ని భాషలూ వచ్చు అనే ఉంటుంది. మా ఊరి పేరుతోనే పరీక్షించి చూడండి. గోవింద్‌పూర్ అని విడిగా కనబడాలంటే "ద్" తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే గోవింద్పూర్ అని పకారం కిందికి వెళ్తుంది. మనకు రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు వేరు వేరు మాటలు. ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. హిందీలో కింద చుక్క పెట్టే అక్షరాలదీ ఇదే కథ. మంత్రం వేయడాన్ని ఇక్కడ ఝాడ్-ఫూఁక్ అంటారు. అందులోని చుక్క డకారాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా టైపు చేయవచ్చు. చూపుకు తేడా ఉండదు. వెతుకులాటలో సగం జారిపోతాయి.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. "పొలం" అని వెతికారనుకోండి. పొలాన్ని, పొలానికి, పొలాలు ఏవీ దొరకవు. సున్న పోయి దీర్ఘం వచ్చింది కదా. "డాయన్" అని వెతికితే మాత్రం డాయన్‌ని, డాయన్‌కి అన్నీ దొరుకుతాయి. పరభాషా పదం కాబట్టి ఒళ్ళు మారదు. ఫలితం ఏమిటి? లెక్కలో డాయన్ ఎక్కువగా, పొలం తక్కువగా కనబడుతుంది. ఇది జనం చెప్పిన తేడా కాదు, వ్యాకరణం చేసిన తేడా. తెలియనివాడు దీన్ని చూసి, చూశారా, జనం భూమి గురించి మాట్లాడటమే లేదు అని రాసేస్తాడు. "పొల" అని వెతకాలని తెలియడానికి తెలుగు వచ్చిన మనిషి కావాలి. ఇంగ్లీషుకు చేసిన పదాల లెక్కింపు, మాటలను పెద్దవి చిన్నవిగా చూపే పదమేఘాలు మన భాషలకు ఈ కారణంగానే నమ్మదగినవి కావు.

మాటలు కూడా ఒకటి కావు. శ్రీకాకుళం పెద్దవాళ్ళు చిల్లంగి అంటారు, తెలంగాణ నుంచి వచ్చినవారు బాణామతి అంటారు, పుస్తకాలు చదివినవారు చేతబడి అంటారు, ఇక్కడి హిందీలో డాయన్, సంతాలీలో డాన్. ఏ యంత్రానికీ ఇవన్నీ ఒక కుటుంబం అని దానంతట అది తెలుస్తుందని అనుకోకండి. సంతాలీ ఓల్ చికీ లిపికి 2008లో గానీ యూనికోడ్‌లో చోటు దక్కలేదు. హో భాష వరాంగ్ చితి లిపికి 2014లో దక్కింది. అంతకుముందు టైపు చేసినవి వేరే ఫాంట్లలో ఉంటాయి. మన అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత కరపత్రాలదీ అదే పరిస్థితి. తెరమీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల కలగాపులగం. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మనిషి కూర్చుని దిద్దాలి. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ మాట.

మూడో పరీక్ష: బయటకు వచ్చే దారి ఉందా? రెండేళ్ళు కష్టపడి పెట్టిన కోడ్‌లు ఆ కంపెనీ ఫైల్‌లోనే ఇరుక్కుపోతే, లైసెన్సు గడువు తీరిన రోజున మన పని మనకే తాళం వేసిన గది అవుతుంది. ఇది ఊహించుకున్న భయం కాదు. ఎన్‌వివోను నడిపే లూమివెరో సంస్థే 2024లో అట్లాస్.టీఐని కూడా కొనేసింది. పోటీదారులనుకున్న రెండూ ఒక చేతిలోకి వచ్చాయి. ఉచితమైనవి శాశ్వతం అనుకోవడమూ భ్రమే. ఆర్‌క్యూడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంతోమంది వాడారు. అది ఆధారపడిన మరో ప్యాకేజీ మూలపడటంతో అదీ మూలపడింది. ఈ బెడద గుర్తించే 2019లో రెఫీ-క్యూడీఏ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చారు. దాన్ని పాటించే సాఫ్ట్‌వేర్లలో ఒకదానిలో పెట్టిన కోడ్‌లను ఇంకోదానిలో తెరవవచ్చు. కొనేముందు, లేదా దించుకునేముందు, ఈ ప్రమాణంలో ఎగుమతి చేస్తుందా అని చూసుకోండి. చిన్న ఫైల్‌తో చేసి కూడా చూడండి. మనల్ని సరిచూడవలసిన మనిషికి మనం ఇవ్వవలసింది ఆ ఎగుమతి ఫైలే.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైంది. మాటలు ఎక్కడ ఉంటాయి? ఒకామె తనను ఎవరెవరు కొట్టారో పేర్లతో సహా చెబుతుంది. ఆమె ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటోంది. ఆ మాటలు ఏ దేశంలోని సర్వరులోకి వెళ్తున్నాయో తెలియకుండా ఎక్కించే హక్కు మనకు ఎవరిచ్చారు? ఆమె చెప్పింది మనకు, కంపెనీకి కాదు. పేరు మార్చేశాం కదా అనవచ్చు. నలభై ఇళ్ళ పల్లెలో "విధవ, ముగ్గురు ఆడపిల్లలు, బావి పక్క ఇల్లు" అంటే పేరెందుకు? కాబట్టి మన కంప్యూటర్లోనే, ఇంటర్నెట్ తీగ పీకేసినా పనిచేసే సాఫ్ట్‌వేర్ కావాలి. ఊరు, బంధుత్వం, ఇంటి గుర్తులు అన్నీ మార్చిన ప్రతిని మాత్రమే ఇతరులకు చూపాలి. అసలు ప్రతి తాళం వేసి ఉంచాలి.

ఇక ఏఐ మిత్రుడి మాట. ఇప్పటి భాషా నమూనాలు తెలుగు, హిందీ చదివి సారాంశం చెప్పగలుగుతున్నాయి. అది చిన్న విషయం కాదు, కాదనడం మూర్ఖత్వం. నా అభ్యంతరం మనం దాన్ని అడిగే తీరు మీద. అన్నీ దాని ముందు పోసి కారణం ఏమిటో చెప్పు అంటే, బియ్యం గింజలు పట్టుకుని ఓఝా ముందు కూర్చున్నట్టే. అతనూ ఒక పేరు చెబుతాడు. ఎలా తెలిసిందో చూపించడు. మళ్ళీ అడిగితే ఇంకో దిక్కు చూపించవచ్చు. ఏఐ కారణాలు కూడా రాసిస్తుంది కదా అంటారు. ఆ కారణాలూ అది అల్లిన వాక్యాలే. ఎవరూ అనని మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టడం కూడా దానికి చేతనవును. అది చూపిన ప్రతి కొటేషన్‌నూ అసలు ప్రతిలో వెతికి, ఉందని నిర్ధారించుకోవలసిందే.

మనుషులకు పక్షపాతం లేదా అని అడగవచ్చు. ఉంది, అందుకే ఇంత కవరు, కప్పా తతంగం. ఏఐకీ అదే కొలత పెట్టండి. ఇద్దరు మనుషులు ముందుగా కోడ్ చేసిన ముక్కలను, పేర్లూ గుర్తులూ తీసేసి, మన కంప్యూటర్లోనే నడిచే నమూనాకు ఇవ్వండి. మూడో చదువరిగా దాన్ని పోల్చి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ మళ్ళీ చదవండి. మనం చూడనిది అది చూపిస్తే సంతోషంగా తీసుకుందాం. పరీక్షకు నిలబడిన దేన్నైనా హేతువాది కాదనడు, నిలబడకముందు దేనికీ దండం పెట్టడు.

ఇంత హంగామా చిన్న సంఘానికి అవసరమా అనేవారి మాటలో న్యాయం ఉంది. పది ఇరవై ఇంటర్వ్యూలే అయితే లిబ్రే ఆఫీసు పట్టికలో ఒక నిలువు వరుసలో వాక్యం, పక్క వరుసల్లో కోడ్‌లు పెట్టుకున్నా సరిపోతుంది. రంగు పెన్సిళ్ళతో కాగితం మీద చేసినా తప్పులేదు. పద్ధతి ఉంటే పెన్సిలూ శాస్త్రీయమే. ఇటువైపు, విశ్వవిద్యాలయంలో ఉండి లైసెన్సు దొరికేవారు, వందల గంటల ఆడియో, వీడియో ఉన్నవారు మ్యాక్స్‌క్యూడీఏ, ఎన్‌వివో వాడుకుంటే తప్పేమీ లేదు. అవి గట్టి పనిముట్లే. వాటిలో చేసినా ఎగుమతి ప్రతిని బయట ఉంచుకోమని మాత్రం చెబుతాను.

మాలాంటి వాళ్ళకు నా సిఫారసు ఇది. మొదలుపెట్టడానికి ట్యాగెట్. ఉచితం, మూలకోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, మన కంప్యూటర్లోనే బ్రౌజరులో నడుస్తుంది. వాక్యం ఎంచుకోవడం, ట్యాగ్ తగిలించడం, అంతే. పెద్ద చదువు లేని కార్యకర్త కూడా ఒక పూటలో నేర్చుకుంటాడు. దానికి పరిమితులు ఉన్నాయి. ఇద్దరి కోడ్‌లను పోల్చి కప్పా లెక్కించడం దాని పని కాదు. ఆ దశకు వచ్చినప్పుడు క్వాల్‌కోడర్. అదీ ఉచితమే, మూలకోడ్ తెరిచినదే. ఇద్దరి కోడింగ్‌ను పోల్చి చూపుతుంది, రెఫీ-క్యూడీఏలో ఎగుమతి చేస్తుంది, సమాచారాన్ని ఎస్‌క్యూలైట్ అనే బహిరంగ రూపంలో దాస్తుంది. చూడటానికి అంత సొగసుగా ఉండదు, మొదట్లో విసిగిస్తుంది కూడా. ఇటీవలి వెర్షన్లలో ఏఐ సదుపాయం చేర్చారు. అది ఐచ్ఛికం, కావాలని పెట్టుకుంటేనే వస్తుంది. అసలు ప్రతులు మాత్రం యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా, ఏ సాఫ్ట్‌వేర్‌తో నిమిత్తం లేకుండా విడిగా ఉండాలి.

వీటికంటే ముందు ఒక కాగితం రాసుకోవాలి. ప్రతి కోడ్‌కూ అర్థం ఏమిటి, ఏది దాని కిందికి వస్తుంది, ఏది రాదు. "ఓఝా" అనే కోడ్ పేరు చెప్పినందుకా, డబ్బు తీసుకున్నందుకా, ఊరిని ఉసిగొల్పినందుకా? ఇంకో కాగితం మీద, మన ఊహ తప్పని తేలాలంటే ఏం కనబడాలి అన్నది మొదటి ఇంటర్వ్యూ తెరవకముందే రాసి, తేదీ వేసి పెట్టాలి. ఉదాహరణకి: ఓఝా ప్రసక్తి రాకముందే తగువు ఉందని చెప్పిన కథనాలు సగానికి మించితే, మూఢనమ్మకమే మూలం అన్న మన మాటను వెనక్కి తీసుకుంటాం. ఈ రెండు కాగితాలు లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా దండగే.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన నివేదిక చదివేది మనవాళ్ళు మాత్రమే కాదు. 1999లో బీహార్ డాయన్ ప్రథా నిరోధక చట్టం చేసింది. జార్ఖండ్ ఏర్పడ్డాక 2001లో దాన్ని స్వీకరించింది. ఒక మనిషిని డాయన్ అని గుర్తించినందుకు అందులో శిక్ష గరిష్ఠంగా మూడు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ వెయ్యి రూపాయలు చాలవని, శిక్షతో పాటు పునరావాసం, భూమి రక్షణ కావాలని అడగాలంటే అధికారుల ముందు, శాసనసభ్యుల ముందు సాక్ష్యం పెట్టాలి. మీరు హేతువాదులు, మీకు అంతా మూఢనమ్మకంలాగే కనిపిస్తుంది అని అవతలివాడు ఒక్క మాటతో తోసేయవచ్చు. అప్పుడు మన దగ్గర ఉండవలసిన జవాబు: ఇదిగో పేర్లు తీసేసిన ప్రతి, ఇదిగో మా కోడ్‌ల అర్థాలు, ఇదిగో మేమిద్దరం ఏకీభవించని చోట్లు, ఇది మీ కంప్యూటర్లోనూ తెరుచుకుంటుంది, మీరే చదివి తప్పు చూపించండి.

ఓఝా ఒక ఆడమనిషి మీద ముద్ర వేసినప్పుడు, ఎలా తెలిసింది అని అడిగే హక్కు ఆమెకు ఉండదు. మనం ఆమె మాటల మీద కోడ్ తగిలించేటప్పుడు ఆ హక్కు ఉండి తీరాలి. ఎవరైనా అడగవచ్చు, ఎవరు అడిగినా చూపించాలి. అలా చూపించడానికి వీలున్న సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకుందాం. అది ఉచితంగా దొరకడం మన అదృష్టం.